బుల్లి చిప్‌కి ఏ భాష నేర్పాలి?

వాషింగ్‌మెషీన్‌లో ఉంటుంది. టీవీ రిమోట్‌లో ఉంటుంది. జ్వరం చూసే డిజిటల్‌ థర్మామీటర్‌లోనూ ఉంటుంది... వేలిగోరంత కంప్యూటర్‌! దానికి పని చెప్పాలంటే ఒక భాష కావాలి. ఆ భాషను దానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే కంపైలర్‌ కావాలి. ఈ రెండూ చిప్‌కి సరిగ్గా కుదిరితే యంత్రం ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పనిచేస్తుంది. కుదరకపోతే..?

ఇంట్లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని అడిగితే చాలామంది ‘ఒకటి, పిల్లాడి ల్యాప్‌టాప్‌’ అంటారు. మహా అయితే ఫోన్లు కూడా కలిపి నాలుగో అయిదో చెబుతారు. నిజంగా లెక్కపెట్టడం మొదలుపెడితే రెండంకెల్లో తేలతాయి. ఏసీలో ఒకటి, దాని రిమోట్‌లో ఒకటి. ఇండక్షన్‌ పొయ్యిలో, మైక్రోవేవ్‌లో, ఇన్వర్టర్‌లో, బీపీ చూసుకునే మిషన్‌లో, గుమ్మం పక్కన గోడకున్న డిజిటల్‌ కరెంటు మీటర్‌లో, ఇంటి ముందు నిలిపిన కొత్త స్కూటర్‌ ఇంజిన్‌లో... అన్నిట్లోనూ ఉన్నాయి.

వీటినే మైక్రోకంట్రోలర్లు అంటారు. లెక్కలు చేసే ప్రాసెసర్‌, గుర్తుపెట్టుకునే మెమరీ, బయటి మీటలతోనూ మోటార్లతోనూ మాట్లాడే ఏర్పాటు... మూడూ ఒకే చిప్‌లో ఇమిడిపోయి ఉంటాయి. కంప్యూటర్‌లాగా ఇవాళ సినిమా, రేపు ఆట అంటే కుదరదు. జీవితాంతం ఒకటే ప్రోగ్రామ్‌, ఒకటే పని. తేడా ఇంకోటి ఉంది. ఫోన్‌లో యాప్‌ మొరాయిస్తే వారం తిరక్కుండా అప్‌డేట్‌ వస్తుంది. మెడికల్‌ షాపులో కొన్న థర్మామీటర్‌కి అప్‌డేట్‌ ఏదీ? ఫ్యాక్టరీలో ఏ ప్రోగ్రామ్‌ ఎక్కించారో అదే చివరిదాకా. అందుకే అది రాసేవాళ్లు మొదటిరోజే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ చిప్‌కి ఏ భాషలో చెప్పాలి? ఏ కంపైలర్‌తో చెప్పించాలి?

గట్టు మీద జాగా ఎంత?

సమస్య ఏమిటో తెలియాలంటే ముందు ఈ చిప్‌లు ఎంత చిన్నవో తెలియాలి. ఇంజినీరింగ్‌ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం కొనే ఆర్డ్వినో యూనో బోర్డునే తీసుకుందాం. 2010లో వచ్చిన ఆ బోర్డు మీద ఉండే చిప్‌ పేరు ఏటీమెగా328పి. ప్రోగ్రామ్‌ దాచుకోవడానికి అందులో ఉన్న చోటు 32 కిలోబైట్లు. పనిచేసేటప్పుడు వాడుకునే ర్యామ్‌ 2 కిలోబైట్లు. 8 గిగాబైట్ల ర్యామ్‌ ఉన్న ఫోన్‌తో పోలిస్తే సుమారు 40 లక్షల వంతు!

ఈ రెండు రకాల మెమరీకీ తేడా వంటింట్లో ఇట్టే తెలుస్తుంది. ప్రోగ్రామ్‌ ఉండే ఫ్లాష్‌ మెమరీ అలమరాలో పెట్టిన వంటల పుస్తకం లాంటిది. కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోదు. ర్యామ్‌ పొయ్యి పక్కన ఉండే గట్టు. కూరగాయలు తరిగేదీ, పిండి కలిపేదీ అక్కడే. పుస్తకం ఎంత లావుగా ఉన్నా ఫర్వాలేదు కానీ గట్టు మీద జాగా లేకపోతే వంట సాగదు. చిన్న చిప్‌లలో ఫ్లాష్‌ కన్నా ముందు నిండిపోయేది చాలాసార్లు ర్యామే.

యూనో చిప్‌ ఇంకా నయం. ఏటీటైనీ10 అని ఆరు కాళ్ల చిప్‌ ఒకటుంది. దాని ఫ్లాష్‌ 1 కిలోబైటు, ర్యామ్‌ 32 బైట్లు. కిలోబైట్లు కావు, బైట్లే. ‘నమస్కారం’ అన్న మాటని కంప్యూటర్లలో వాడే యూటీఎఫ్‌-8 పద్ధతిలో రాస్తే ఒత్తులు, గుణింతాలు, సున్నాతో కలిపి ఎనిమిది సంకేతాలవుతాయి. ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 24 బైట్లు. మాట అయిపోయిందని చెప్పే గుర్తుతో 25. అంటే ఆ చిప్‌ నోరారా నమస్కారం పెడితే ఇక మిగిలేది 7 బైట్లు!

‘మరి పెద్ద చిప్‌ కొనొచ్చు కదా’ అనిపిస్తుంది. ఇంట్లో ఒక్కటి చేసుకునేవారికి అదే సరైన మార్గం. ఏడాదికి పది లక్షల రిమోట్లు తయారుచేసే కంపెనీకి లెక్క వేరు. చిప్‌ దగ్గర ఒక్క రూపాయి పెరిగితే పది లక్షల రూపాయలు పెరిగినట్టే. బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన పరికరాల్లో కరెంటు వాడకం కూడా చూసుకోవాలి. అందుకే ఎంత చిన్న చిప్‌లో పని అయిపోతుందన్న వెతుకులాట ఈనాటికీ ఆగలేదు.

పేదింట పుట్టిన ‘సి’

చిప్‌కి నిజంగా తెలిసింది ఒకటే... ఒకట్లు, సున్నాల భాష. దానికి కాస్త దగ్గరగా మనిషి రాయగలిగింది అసెంబ్లీ. ‘ఈ పెట్టెలో అంకె ఆ పెట్టెలో పెట్టు, దానికి ఒకటి కలుపు, సున్నా అయితే అటు వెళ్లు’ అంటూ ప్రతి అడుగూ చెప్పాలి. ఒక్క బైటు కూడా వృథా కాదు. కానీ రాయడానికి నెలలు పడుతుంది. పైగా ఒక చిప్‌ అసెంబ్లీ ఇంకో చిప్‌కి పనికిరాదు.

మనిషికి అర్థమయ్యేలా రాసినదాన్ని యంత్రమే తన భాషలోకి మార్చుకుంటే? ఆ ఆలోచనతో అమెరికాలో గ్రేస్‌ హాపర్‌ 1952లో ఏ-0 అనే వ్యవస్థని తయారుచేశారు. కంపైలర్‌ అన్న మాట అక్కడినుంచే వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత భాషలు చాలా పుట్టాయి. చిన్న చిప్‌లలో నిలదొక్కుకున్నది మాత్రం ‘సి’.

బెల్‌ ల్యాబ్స్‌లో డెనిస్‌ రిచీ 1970ల మొదట్లో దీన్ని రూపొందించారు. ఆయన బృందం 1970లో తెప్పించుకున్న పీడీపీ-11 కంప్యూటర్‌ మెమరీ 24 కిలోబైట్లే. బీరువా అంత ఉండే ఆ యంత్రం కన్నా ఇవాళ్టి ఆర్డ్వినో చిప్‌లోని ఫ్లాషే పెద్దది! ఇరుకింట్లో పెరిగిన పిల్లకి సర్దుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. సి కూడా అంతే. అడగని పని ఏదీ చేయదు, తెర వెనక చెత్త ఊడ్చే పనివాళ్లెవరూ ఉండరు. ఒక అంకెకి ఎన్ని బైట్లు పట్టాలో ప్రోగ్రామర్‌ చెప్పొచ్చు. చిప్‌లో ఫలానా అడ్రసులో ఉన్న మీటని నేరుగా తాకొచ్చు. అందుకే యాభై ఏళ్లు దాటినా అమీర్‌పేట కోచింగ్‌ సెంటర్ల బోర్డుల మీద ‘ఎంబెడెడ్‌ సి’ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

సి గొప్పదనం ఎంతదాకా వెళ్లిందంటే చివరికి చిప్‌లనే దానికి తగినట్టు మలచడం మొదలైంది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆల్ఫ్‌ ఎగిల్‌ బోగెన్‌, వెగార్డ్‌ వోలాన్‌ అనే ఇద్దరు విద్యార్థులు ఒక కొత్త చిప్‌ నమూనా గీశారు. అమెరికాకి చెందిన ఆట్మెల్‌ కంపెనీ దాన్ని తీసుకుంది. తయారీకి వెళ్లకముందే ఆ నమూనాని స్వీడన్‌లోని ఐఏఆర్‌ అనే కంపైలర్ల కంపెనీ ఇంజినీర్ల ముందు పెట్టారు. ‘సి ప్రోగ్రామ్‌ని మార్చేటప్పుడు ఈ ఆదేశం మాకు అక్కరకు రాదు, ఇలాంటిది ఉంటే బాగుంటుంది’ అని వాళ్లు చెప్పిన సూచనల ప్రకారం చిప్‌ ఆదేశాలనే మార్చారు. అలా 1990ల మధ్యలో వచ్చిందే ఏవీఆర్‌ కుటుంబం. యూనో బోర్డు మీదున్నది ఆ కుటుంబంలోని చిప్పే. 2016లో ఆట్మెల్‌ని మైక్రోచిప్‌ కంపెనీ కొనేసింది. చిప్‌లు మాత్రం ఆగలేదు.

అంతా దుబాసీ చేతుల్లోనే!

భాష ఒకటే అయినా కంపైలర్‌ మారితే ఫలితం మారుతుంది. ఒకే మాటని ఇద్దరు దుబాసీలు రెండు రకాలుగా చెప్పినట్టు. దీనికి మంచి ఉదాహరణ 8051. ఇంటెల్‌ 1980లో తెచ్చిన ఈ చిప్‌ గురించి మన కాలేజీల్లో ఈసీఈ చదివినవారందరికీ తెలుసు. 4 కిలోబైట్ల ప్రోగ్రామ్‌ మెమరీ, 128 బైట్ల ర్యామ్‌తో పుట్టింది. సి కోసం కట్టిన ఇల్లు కాదిది. లోపలి మెమరీ ఒక గది, బయట తగిలించుకునే మెమరీ ఇంకో గది, ప్రోగ్రామ్‌ ఉండేది మరో గది. ఒక్కో గదిలోకి వెళ్లడానికి ఒక్కో రకం ఆదేశం. మామూలు సి భాషకి ఈ గదుల సంగతే తెలియదు. అందుకే కైల్‌ లాంటి కంపెనీల కంపైలర్లూ, సందీప్‌ దత్తా మొదలుపెట్టిన ఉచిత కంపైలర్‌ ఎస్‌డీసీసీ కూడా ‘ఈ అంకె ఫలానా గదిలో ఉండాలి’ అని చెప్పడానికి సికి కొన్ని కొత్త మాటలు చేర్చాయి.

ఆ మాటలు వాడకపోతే? కంపైలర్‌ తిట్టదు, పని చేసిపెడుతుంది. కాకపోతే అడ్రసు రాసుకోవడానికి రెండు బైట్లకు బదులు మూడు బైట్లు తీసుకుంటుంది... ఏ గదో చెప్పడానికి ఒకటి, గదిలో ఎక్కడో చెప్పడానికి రెండు. ఆ అడ్రసు వాడిన ప్రతిసారీ ఏ గదో చూసి వెళ్లాలి కాబట్టి ప్రోగ్రామ్‌ నిదానిస్తుంది, బరువెక్కుతుంది. అలాగే 0 నుంచి 100 వరకే ఉండే లెక్కకి కూడా అలవాటుకొద్దీ 16 బిట్ల అంకె వాడితే ఎనిమిది బిట్ల చిప్‌ ప్రతి కూడికనీ రెండుసార్లు చేయాలి. పెద్ద కంప్యూటర్‌ మీద సి నేర్చుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవారు తడబడేది ఇలాంటి చోట్లే.

దశాంశాలది మరో కథ. థర్మామీటర్‌ 37.5 డిగ్రీలు చూపించాలి. చిన్న చిప్‌లకి దశాంశాల లెక్కలు పుట్టుకతో రావు. కంపైలర్‌ దానికోసం వందల బైట్ల సామగ్రిని వెంట తెచ్చి ప్రోగ్రామ్‌కి తగిలిస్తుంది. తెలిసినవారు రూపాయల్లో కాకుండా పైసల్లో లెక్క వేసినట్టు 37.5ని 375గా దాచుకుంటారు. తెరమీద చూపేటప్పుడు మాత్రం చివరి అంకెకి ముందు చుక్క పెడతారు. అంతే! దశాంశం కనిపిస్తుంది, దాని ఖర్చు ఉండదు.

మరీ తెలివైన దుబాసీతో చిక్కు కూడా ఉంది. ఒక లైటు అరసెకను వెలిగి అరసెకను ఆరాలనుకోండి. మధ్యలో కాలక్షేపానికి ‘ఒకటి నుంచి పదివేల దాకా ఊరికే లెక్కపెట్టు’ అని రాస్తారు కొత్తవాళ్లు. ప్రోగ్రామ్‌ని కుదించమని కంపైలర్‌కి చెబితే అది ఆ లెక్కని చూసి ‘దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు’ అని మొత్తం తీసేస్తుంది. లైటు ఎంత వేగంగా ఆరి వెలుగుతుందంటే కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది. తప్పు కంపైలర్‌ది కాదు. కాలం గడపడమే అక్కడ పని అని దానికెవరూ చెప్పలేదు మరి! మీట నొక్కారా లేదా అని చూసే చోట కూడా ఇలాంటి తంటాలే వస్తాయి. ‘ఈ విలువ నీకు తెలియకుండా బయటినుంచి మారుతుంది, ప్రతిసారీ వెళ్లి చూడు’ అని చెప్పడానికి సిలో ‘వొలటైల్‌’ అనే మాట ఉన్నది అందుకే.

ఈ కారణంగానే పేరున్న కంపెనీలు ఒక ఉత్పత్తి మార్కెట్‌లోకి వెళ్లాక దాని ప్రోగ్రామ్‌తో పాటు ఏ కంపైలర్‌, ఎన్నో వెర్షన్‌ వాడారో కూడా భద్రంగా దాచిపెడతాయి. అయిదేళ్ల తర్వాత చిన్న మార్పు చేయాల్సి వచ్చి కొత్త కంపైలర్‌తో మారిస్తే, ముట్టుకోని భాగం కూడా కొత్తగా ప్రవర్తించే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టి కొనే కంపైలర్లా, జీసీసీ లాంటి ఉచిత కంపైలర్లా అన్న ప్రశ్నకీ ఇక్కడే జవాబు దొరుకుతుంది. కొన్ని కొనే కంపైలర్లు చిక్కటి ప్రోగ్రామ్‌ ఇస్తాయి, సందేహం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. కానీ వాటి ఉచిత కూర్పులు కొన్ని ఇన్ని కిలోబైట్లకు మించి సాగనివ్వవు. రిచర్డ్‌ స్టాల్‌మన్‌ 1987లో విడుదల చేసిన జీసీసీకి ఆ హద్దులేవీ లేవు. ఏవీఆర్‌, ఆర్మ్‌, రిస్క్‌-ఫైవ్‌... చాలా చిప్‌ల భాషలు దానికి వచ్చు. ఆర్డ్వినో యూనో కోసం రాసిన ప్రోగ్రామ్‌ని మార్చిపెట్టేది కూడా అదే.

256వ సారి...

బైటు అంటే 0 నుంచి 255 వరకు పట్టే గిన్నె. 255కి ఇంకొకటి కలిపితే 256 కాదు, మళ్లీ సున్నా! స్కూటర్‌ మీటరు తొంభైతొమ్మిదుల తర్వాత సున్నాలకి తిరిగినట్టు. ఈ చిన్న విషయం ప్రాణాలు తీసిన సందర్భం ఉంది.

థెరాక్‌-25 అనేది క్యాన్సర్‌ రోగులకి రేడియేషన్‌ ఇచ్చే యంత్రం. కెనడాకి చెందిన ఏఈసీఎల్‌ తయారుచేసింది. దాని ప్రోగ్రామ్‌ పీడీపీ-11 అసెంబ్లీలో రాశారు. 1985 జూన్‌ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఆ యంత్రం ప్రమాదకరమైన మోతాదులో రేడియేషన్‌ ఇచ్చింది. 1987 జనవరిలో అమెరికాలోని యాకిమాలో జరిగిన ఘటన వెనక ఉన్నది ఒకే ఒక్క బైటు. ‘యంత్రం భాగాలు సరైన స్థితిలో ఉన్నాయో లేదో చూడాలి’ అని గుర్తుచేయడానికి ఆ బైటు సున్నా కాకుండా ఉండాలి. ప్రోగ్రామ్‌ అక్కడ ఒక స్థిరమైన అంకె పెట్టకుండా ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయింది. ప్రతి 256వ సారీ అది సున్నా అయ్యేది. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్‌ మీట నొక్కడంతో తనిఖీ జరగలేదు. ఆ రోగి ఏప్రిల్‌లో చనిపోయారు.

అసెంబ్లీకి బదులు జాగ్రత్తలున్న భాష వాడితే సరిపోతుందా? 1996 జూన్‌ 4న జరిగింది చూస్తే అదీ అంత తేలిక కాదని తెలుస్తుంది. యూరప్‌ వారి ఏరియాన్‌-5 రాకెట్‌ మొదటి ప్రయాణం అది. ప్రోగ్రామ్‌ రాసింది అమెరికా రక్షణశాఖ చొరవతో పుట్టిన ఏడా భాషలో. అంకె హద్దు దాటితే ఊరుకోకుండా పట్టుకోవడం ఆ భాష ప్రత్యేకత. అయితే కంప్యూటర్‌ మీద భారం 80 శాతం మించకూడదన్న నియమం ఉంది. ఆ భారం తగ్గించడానికి, ప్రమాదం ఉన్న ఏడు విలువల్లో నాలిగింటికే రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. పాత ఏరియాన్‌-4 వేగానికి వాటితో ఇబ్బంది రాదు. కొత్త రాకెట్‌ వేగం ఎక్కువ. వదిలేసిన వాటిలో ఒక విలువ 16 బిట్ల గరిష్ఠం 32,767 దాటిపోయింది. భాష తప్పుని పట్టుకుంది కానీ పట్టుకున్నాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు. దారి చూపే కంప్యూటర్‌ ఆగిపోయింది. బయల్దేరిన సుమారు 40 సెకన్లకు రాకెట్‌ గాల్లోనే ముక్కలైంది.

ఇలాంటి అనుభవాల నుంచే జాగ్రత్తలు పుట్టాయి. సిలో ప్రమాదకరమైన అలవాట్లని నిషేధిస్తూ బ్రిటన్‌లోని మోటారు వాహనరంగ సంస్థలు 1998లో మిస్రా సి పేరుతో 127 నియమాలు తెచ్చాయి. ఆ నియమాలు సవరణలతో ఈనాటికీ కార్ల కంపెనీల్లో నడుస్తున్నాయి. మరోవైపు, కెనడాలోని వాంకూవర్‌లో గ్రేడన్‌ హోర్‌ అనే ప్రోగ్రామర్‌ 2006లో ఇంటికి వచ్చేసరికి అపార్ట్‌మెంట్‌ లిఫ్టు సాఫ్ట్‌వేర్‌ మొరాయించి ఆగిపోయింది. ఆయన ఉండేది 21వ అంతస్తు. మెమరీ తప్పులు జరగనివ్వని భాష ఎందుకు ఉండకూడదన్న ఆలోచనతో ఆయన మొదలుపెట్టిందే రస్ట్‌. 2015లో దాని మొదటి స్థిరమైన కూర్పు వచ్చింది. మెమరీని తప్పుగా వాడే అవకాశం కనిపిస్తే రస్ట్‌ కంపైలర్‌ అసలు ప్రోగ్రామ్‌నే తయారుచేయదు. 32 బిట్ల ఆర్మ్‌ చిప్‌ల మీద ఇది బాగా నడుస్తుంది. 8051 లాంటి పాతకాపులకి మాత్రం ఇంకా సినే దిక్కు.

పైథాన్‌ పట్టే గిన్నె

‘మా అమ్మాయి స్కూల్లో పైథాన్‌ నేర్చుకుంటోంది. అది పనికిరాదా?’ పనికొస్తుంది, గిన్నె పెద్దదైతే. సి ప్రోగ్రామ్‌ని ముందే అనువదించి చిప్‌లోకి ఎక్కిస్తారు. దుబాసీ ఫ్యాక్టరీలోనే ఆగిపోతాడు. పైథాన్‌ లాంటి భాషల్లో దుబాసీ కూడా చిప్‌లోనే కాపురం పెట్టాలి. ఆయనకి ఒక గది ఇవ్వాలి కదా!

డేమియన్‌ జార్జ్‌ 2013లో ప్రజల చందాలతో మొదలుపెట్టిన మైక్రోపైథాన్‌ కోసం కనీసం 256 కిలోబైట్ల ప్రోగ్రామ్‌ మెమరీ, 16 కిలోబైట్ల ర్యామ్‌ ఉండాలి. యూనోలో ఉన్నది 32, 2. ఎంత సర్దినా పట్టదు. అదే 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై పికోలో 264 కిలోబైట్ల ర్యామ్‌, 2 మెగాబైట్ల ఫ్లాష్‌ ఉన్నాయి. పైథాన్‌ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బ్రిటన్‌లో 2016లో బడిపిల్లలకి ఉచితంగా పంచిన మైక్రోబిట్‌ బోర్డులో సరిగ్గా 256 కిలోబైట్ల ఫ్లాష్‌, 16 కిలోబైట్ల ర్యామ్‌ ఉండేవి. ఆ ఇరుకులోనూ పిల్లలు పైథాన్‌తో లైట్లు వెలిగించారు.

కాకపోతే పైథాన్‌ మధ్యమధ్యలో పని ఆపి గట్టు శుభ్రం చేసుకుంటుంది. తోటకి నీళ్లు పెట్టే పరికరానికి ఆ రెప్పపాటు ఆలస్యం లెక్కలోది కాదు. ఇంజిన్‌లో పెట్రోలు చిమ్మే సమయం నిర్ణయించే చిప్‌కి ఒప్పదు.

ఇక ఆర్డ్వినో భాష వేరేదో అనుకుంటారు చాలామంది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మొదలైన ఈ బోర్డులతో వచ్చేది నిజానికి సి ప్లస్‌ ప్లస్సే. పైన తేలికైన మాటల తొడుగు వేశారు. నేర్చుకునేవారికి సుఖం, చిప్‌కి భారం తక్కువ.

చిన్నచోట దుబాసీని కాపురం పెట్టిన భాష ఇంకోటుంది... ఫోర్త్‌. ఛార్లెస్‌ మూర్‌ 1970 ప్రాంతంలో టెలిస్కోపులు నడపడానికి వాడిన ఈ భాష కొన్ని కిలోబైట్లలో ఇమిడిపోతుంది. 2014 నవంబరులో తోకచుక్క మీద దిగిన ఫిలే ల్యాండర్‌లో ఉన్నవి ఫోర్త్‌ కోసమే రూపొందించిన ప్రాసెసర్లు. అయినా అది తెలిసినవారు తక్కువ. పదేళ్ల తర్వాత బాగుచేయడానికి మనిషి దొరుకుతాడా అన్నది కూడా భాష ఎంపికలో భాగమే.

శ్రీహరికోట దారిలో...

భాష, కంపైలర్‌, చిప్‌... మూడూ ఒకే ఇంటివి కావాలనుకుంటే ఎంత కష్టపడాలో ఇస్రోని చూస్తే తెలుస్తుంది. మన రాకెట్ల లోపల 2009 నుంచి విక్రమ్‌1601 అనే 16 బిట్ల ప్రాసెసర్‌ పనిచేస్తోంది. దానికి వారసుడిగా తిరువనంతపురంలోని విక్రమ్‌ సారాభాయ్‌ అంతరిక్ష కేంద్రం, చండీగఢ్‌లోని సెమీకండక్టర్‌ ల్యాబొరేటరీ కలిసి 32 బిట్ల విక్రమ్‌3201ని తయారుచేశాయి. 2025 మార్చిలో దాన్ని ఇస్రోకి అందజేశారు. అంతకుముందే, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి బయల్దేరిన పీఎస్‌ఎల్‌వీ-సి60తో వెళ్లి అంతరిక్షంలో పరీక్ష నెగ్గింది.

దాని ఆదేశాలు పూర్తిగా సొంతం. బజార్లో దొరికే ఏ కంపైలర్‌కీ అవి అర్థం కావు. అందుకే ఇస్రోనే ఏడా భాషకి కంపైలర్‌, దానితోపాటు అసెంబ్లర్‌, లింకర్‌, సిమ్యులేటర్‌ అన్నీ సొంతంగా రాసుకుంది. సి కంపైలర్‌ కూడా తయారవుతోందని అప్పట్లో ప్రకటించింది. ఎందుకంత శ్రమ అంటే, కంపైలర్‌ లేని చిప్‌ లిపి లేని భాష లాంటిది. ఉందని తెలుస్తుంది కానీ ఎవరూ ఏమీ రాయలేరు.

ట్యాంకు నిండితే మోటారు ఆగాలి!

ఇంతకీ ఎంపిక ఎలా? అందరికీ తెలిసిన పనితోనే చూద్దాం. మేడమీద ట్యాంకు నిండగానే మోటారు ఆపే డబ్బా కావాలి.

నీళ్లు పైతీగకి తగిలాయా, కిందితీగకి తగిలాయా చూసి మోటారు స్విచ్చు మార్చడమే పనైతే 1 కిలోబైటు చిప్‌ చాలు. భాష సి. వేల సంఖ్యలో చేసి అమ్మేవారికి ఇదే లాభం.

చిన్న తెరమీద నీటిమట్టం చూపాలి, బావిలో నీళ్లు లేనప్పుడు మోటారు కాలిపోకుండా ఆపాలి, ఎన్ని నిమిషాలు నడిచిందో చెప్పాలి అంటే యూనోలోని చిప్‌ సరిపోతుంది. ఆర్డ్వినో సి ప్లస్‌ ప్లస్‌ వాడుకోవచ్చు. తెరమీద చూపే మాటలన్నీ మామూలుగా రాస్తే ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి కాబట్టి వాటిని ఫ్లాష్‌లోనే ఉంచమని చెప్పాలి. వంటల పుస్తకం మొత్తం గట్టు మీద పరచకూడదు కదా! ఇంకో సంగతి... ఈ బోర్డు ‘నేను లేచి ఎంతసేపైంది’ అని మిల్లీసెకన్లలో పెట్టే లెక్క సుమారు 50 రోజులకి సున్నాకి తిరుగుతుంది. ఆ సంగతి మరిచి రాసిన ప్రోగ్రామ్‌ 49 రోజులు బుద్ధిగా ఉండి యాభయ్యో రోజు మోటారు ఆపడం మర్చిపోవచ్చు.

నాన్నగారి ఫోన్‌కి ‘ట్యాంకు నిండింది’ అని సందేశం కూడా వెళ్లాలంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 లాంటి చిప్‌ కావాలి. 520 కిలోబైట్ల ర్యామ్‌ ఉంది కాబట్టి మైక్రోపైథాన్‌లో కూడా రాయొచ్చు. ఇంటికి ఒక్కటే చేసుకునేవారికి ఇది హాయి. కానీ వైఫై దొరక్క ప్రోగ్రామ్‌ ఎదురుచూస్తూ కూర్చుంటే మోటారు ఆగదు. అందుకే సందేశం ఏ భాషలో పంపినా మోటారు ఆపే పని దేనికోసమూ ఎదురుచూడకూడదు. ప్రోగ్రామ్‌ ఉలుకూపలుకూ లేకుండా పోతే చిప్‌ని తట్టిలేపే ‘వాచ్‌డాగ్‌’ అనే కాపలాదారు చాలా మైక్రోకంట్రోలర్లలో ఉంటాడు. ఆయన్ని మేల్కొలిపి ఉంచాలి.

పని ఒకటే అయినా మూడు గిన్నెలకి మూడు జవాబులు. ‘ఏ భాష గొప్పది’ అని అడిగితే తెగని వాదన. చోటు ఎంత, ఎంత త్వరగా స్పందించాలి, ఎన్ని తయారుచేయాలి, తప్పు జరిగితే ఎవరికి ఏమవుతుంది, రేపు బాగుచేసేది ఎవరు... ఈ అయిదూ అడిగితే జవాబు దానంతటదే వస్తుంది.

నేర్చుకునే పిల్లలకి ఒక తేలికైన అలవాటు ఉంటే చాలు. యూనో కోసం ప్రోగ్రామ్‌ని కంపైల్‌ చేసిన ప్రతిసారీ ఆర్డ్వినో తెర అడుగున రెండు లైన్లు వస్తాయి. 32,256 బైట్లలో ప్రోగ్రామ్‌ ఎంత తీసుకుందో మొదటిది చెబుతుంది. 2,048 బైట్ల ర్యామ్‌లో ఎంత పోయి ఎంత మిగిలిందో రెండోది చెబుతుంది. ముప్పావు వంతు దాటితే మెమరీ తక్కువగా ఉందన్న హెచ్చరిక కూడా వస్తుంది. లైటు వెలుగుతోందన్న సంబరంలో ఎక్కువమంది ఆ లైన్లని చూడరు. ఒక్కో మాట చేర్చి, ఒక్కో దశాంశం తీసేసి ఆ అంకెలు ఎలా మారుతున్నాయో గమనించిన పిల్లలకి చిప్‌ మనసు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏ భాషైనా నెల రోజుల పనే.